జనవరి నడక – పత్రికల లెక్క

చాలా ఏళ్ళ క్రిందట వాషింగ్టన్ నగరానికి దాపున ఉద్యోగం చేసుకుంటున్న రోజుల్లో, ఒక జనవరి ఉదయం మెట్రో రైలెక్కి చూద్దును గదా, పెట్టె నిండా బడిపిల్లలు! అందరి తలలమీదా ఒకే రంగు ఉన్నిటోపీలు, కొందరి చేతుల్లో జపమాలలు. రాత్రంతా బస్సుల్లో ప్రయాణం చేసి ఒహాయో నుంచి వచ్చామని వారి వెంట ఉన్న ఒక సిస్టరు చెప్పారు. మరునాడు ఇంటికి వచ్చిన పత్రికలో ఆ పిల్లల కోసం వెదికాను. లోపలి పుటలో చిన్న వార్త ఉన్నది. దాని పక్కన వేసిన ఫొటోలో ఊరేగింపువారూ, వారిని ఎదిరించడానికి వచ్చిన పిడికెడు మందీ సరిసమానంగా కనిపించారు. గర్భస్రావం విషయంలో ఆ పిల్లల అభిప్రాయంతో నాకు పూర్తి ఏకీభావం లేదు. అయినా కళ్ళారా చూసినదానికీ, చదివినదానికీ నడుమ ఉన్న ఆ ఎడం నన్ను పాత పత్రికల దొంతరల దగ్గరకు తీసుకుపోయింది.

కథ 1973 జనవరి 22న మొదలవుతుంది. ఆనాడు అమెరికా సుప్రీం కోర్టు ‘రో వర్సెస్ వేడ్’ తీర్పులో గర్భస్రావాన్ని రాజ్యాంగం కాపాడే హక్కుగా ప్రకటించింది. సరిగ్గా ఏడాదికి, 1974 జనవరి 22న, నెల్లీ గ్రే అనే న్యాయవాది తొలి ‘మార్చ్ ఫర్ లైఫ్’ నడిపించారు. ఆమె కేంద్ర ప్రభుత్వ కార్మిక శాఖలో పనిచేసినవారు, కాథలిక్కు. ఒక్కసారితో ముగిసిపోతుందనుకున్న ఆ నడకను 2012లో కన్నుమూసే దాకా ఏటేటా ఆమే నడిపించారు. ‘నైట్స్ ఆఫ్ కొలంబస్’ అనే కాథలిక్కు సోదర సంఘం మొదటినుంచీ అండగా నిలిచింది.

తొలినాళ్ళలో నడిచినవారిలో కాథలిక్కులే ఎక్కువ. అందుకు కారణం లేకపోలేదు. ప్రొటెస్టెంటులలో పెద్ద శాఖ అయిన సదరన్ బాప్టిస్టులు 1971లో కొన్ని పరిస్థితులలో గర్భస్రావాన్ని అనుమతించవచ్చునని తీర్మానం చేసి ఉన్నారు. వారి మనసు మారడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. కాథలిక్కులకైతే మేత్రాసనం, దాని క్రింద విచారణలు, విచారణకొక బడి అనే అల్లిక అప్పటికే సిద్ధంగా ఉన్నది. ఒక బిషప్ పిలుపునిస్తే ఊరూరా బస్సులు కదులుతాయి. ముందురోజు రాత్రి వాషింగ్టన్‌లోని నిష్కళంక మాత బసిలికాలో జాగరణ, దివ్య బలిపూజ, మరునాడు నడక. ఈ అల్లికే వారికి బలమైంది. పత్రికలకు మాత్రం అదే ఒక సాకు కూడా అయింది: ఇది రాజకీయం కాదు, గుడి వ్యవహారం అని పక్కన పెట్టడం సులువయింది.

ఈ పక్కన పెట్టడం ఎంతవరకు పోయిందో 1990లో బయటపడింది. అంతకుముందు 1989 ఏప్రిల్ 9న గర్భస్రావ హక్కులకు మద్దతుగా వాషింగ్టన్‌లో బ్రహ్మాండమైన ప్రదర్శన జరిగింది. వాషింగ్టన్ పోస్ట్ దానికి మొదటి పుటలో పెద్దపీట వేసింది, లోపల ఇంకెన్నో కథనాలు ప్రచురించింది. పైగా ఆ నడకలో విలేఖరులు కొందరు స్వయంగా పాల్గొన్నారు. సుప్రీం కోర్టు వార్తలు రాసే న్యూయార్క్ టైమ్స్ విలేఖరి లిండా గ్రీన్‌హౌస్ వారిలో ఒకరు. మరుసటి ఏడు ఏప్రిల్ 28న గర్భస్రావ వ్యతిరేకులు అదే నగరంలో భారీ సభ జరిపితే, పోస్ట్ దానిని స్థానిక వార్తల విభాగంలోకి నెట్టింది. ఆ పత్రికలోనే పాఠకుల పక్షాన విమర్శ రాసే రిచర్డ్ హార్వుడ్ ఈ తేడాను ఎండగట్టారు. అదే ఏడాది జూలైలో లాస్ ఏంజిలిస్ టైమ్స్‌కు చెందిన డేవిడ్ షా, ఏడాదిన్నర పరిశోధించి రాసిన వ్యాస పరంపరలో, వార్తల ఎంపికలోనూ మాటల ఎంపికలోనూ పత్రికలు ఒక పక్షానికి మొగ్గుతున్నాయని చూపించారు.

నాకు ఇందులో కుట్ర కనిపించదు, పరిచయం లేకపోవడం కనిపిస్తుంది. పత్రికా కార్యాలయంలో పనిచేసేవారి మిత్రులు మొదటి ప్రదర్శనలో ఉన్నారు. రాత్రి బస్సుల్లో వచ్చినవారిలో వారికి తెలిసినవారు దాదాపు లేరు. మనకు తెలిసినవారు నడిస్తే అది చరిత్ర, తెలియనివారు నడిస్తే ట్రాఫిక్ ఇబ్బంది!

చూడకపోవడం ఒక తప్పయితే, చూసీ చూడగానే తీర్పు చెప్పడం మరొక తప్పు. 2019 జనవరి 18న నడక ముగించుకుని లింకన్ స్మారకం దగ్గర బస్సుల కోసం నిలుచున్న కెంటకీ కాథలిక్కు బడిపిల్లల వీడియో తునక ఒకటి దేశమంతా తిరిగింది. ఒక ఆదివాసీ పెద్దను వారు అవమానించారని వార్తలు వెల్లువెత్తాయి. పూర్తి వీడియోలు వచ్చాక, అంతకుముందే వేరొక గుంపు ఆ పిల్లలను దూషించినట్టు తేలి, కథ చిక్కుపడింది. వారిలో ఒక విద్యార్థి వేసిన దావాలలో సీఎన్ఎన్, వాషింగ్టన్ పోస్ట్ 2020లో రాజీపడ్డాయి. మరికొన్ని సంస్థలపై వేసిన దావాలను 2022లో కోర్టు కొట్టివేసింది.

రెండవ వైపు కూడా చెప్పాలి. ఏటా ఒకే తీరున జరిగేది వార్త ఎలా అవుతుందన్న సంపాదకుల ప్రశ్న కొట్టిపారేయదగినది కాదు. అమెరికా కాథలిక్కులలో సగానికి పైగా గర్భస్రావం చాలా సందర్భాలలో చట్టబద్ధంగా ఉండాలనే సర్వేలలో చెబుతున్నారు. కనుక నడిచినవారిని చూసి కాథలిక్కులందరి మాటా అదేననుకోవడం కూడా పొరపాటే.

2022 జూన్ 24న ‘డాబ్స్’ తీర్పు ‘రో’ను రద్దు చేసింది. అయినా నడక ఆగలేదు. చరిత్ర రాయబూనిన మనం పాత పత్రికలనే సాక్షులుగా పిలుస్తాము. ఆ సాక్షికి మిత్రులు లేని వీధులు ఎన్ని ఉండేవో! మనం రాసేదాంట్లో మనకు మిత్రులు లేని వీధులు ఎన్నో! ఆ ఉన్నిటోపీల పిల్లలు గుర్తుకొచ్చినప్పుడల్లా నేను రెండవ ప్రశ్న దగ్గరే ఆగిపోతుంటాను.