తూటా వీపున ఎందుకు తగిలింది?

1937 మే 30న షికాగోలో రిపబ్లిక్ స్టీల్ కర్మాగారం వద్ద, సమ్మె కార్మికుల ఊరేగింపుపై పోలీసులు కాల్పులు జరిపారు. పదిమంది మరణించారు. ‘షికాగో ట్రిబ్యూన్’ దీనికి పెట్టిన పేరు ‘దొమ్మీ’. మూక దాడి చేసిందనీ, పోలీసులు ఆత్మరక్షణకే కాల్చారనీ చాలా పత్రికలు రాశాయి. ఆ వార్తకు మూలం పోలీసుల మాటే.

కాని అక్కడ పారమౌంట్ వార్తాచిత్ర సంస్థ కెమెరా కూడా ఉంది. ప్రజలు రెచ్చిపోతారన్న నెపంతో ఆ సంస్థ చిత్రాన్ని దాచిపెట్టింది. సెనేటులోని లా ఫాలెట్ ఉపసంఘం దాన్ని తెప్పించుకొని చూసింది. పారిపోతున్నవారిని వెంటాడి లాఠీలతో బాదడం అందులో కనిపించింది. హతుల్లో ఏడుగురికి వీపునా, ముగ్గురికి పక్కనా తూటాలు తగిలాయని విచారణలో తేలింది. ఎదురుగా తగిలినది ఒక్కరికీ లేదు. మీదపడి దాడి చేసేవాడికి వీపున తూటా ఎలా తగులుతుంది?

ఆ చిత్రంలోని సంగతులను జూన్‌లో బయటపెట్టిన ‘సెయింట్ లూయీ పోస్ట్ డిస్పాచ్’ కార్మికుల పత్రిక కాదు. అదీ ధనికుల సొత్తే. కనుక యజమాని ఎవరని అడిగితే చాలదు. సాక్షిగా ఎవరిని నిలబెట్టారో కూడా అడగాలి.

నిజం బయటపడ్డా శిక్ష పడలేదు. కాల్పులు న్యాయసమ్మతమేనని కరోనర్ జ్యూరీ తీర్పు చెప్పింది. ఒక్క పోలీసుపైనా కేసు నడవలేదు. ‘దొమ్మీ’ అన్న మొదటి మాట అంత పని చేసింది.