గర్భిణుల్లో కుంగుబాటు: నెల్లూరు తీరం

కడుపుతో ఉన్న నెలల్లో రెండు వారాలకు మించి వదలని దిగులు, దేనిమీదా మనసు నిలవకపోవడం, నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, తానెందుకూ కొరగాననే భావం కలిసి కనిపిస్తే అది గర్భకాలపు కుంగుబాటు. వర్ధమాన దేశాల్లో గర్భిణుల్లో 15.6 శాతం మందికి, బాలింతల్లో 19.8 శాతం మందికి మానసిక రుగ్మత, ముఖ్యంగా కుంగుబాటు, ఉంటోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వేవిళ్ళ నీరసం కూడా ఇలాగే ఉంటుంది కాబట్టి, మూడో నెల దాటితే సర్దుకుంటుందిలే అని ఇంట్లోవాళ్ళు ఊరుకుంటారు.

తల్లి దుఃఖం బిడ్డకు తగులుతుందని మన వైద్యానికి ఏనాడో తెలుసు. ఎప్పుడూ శోకంలో ఉండే గర్భిణికి భయస్థుడో, చిక్కిపోయినవాడో, అల్పాయుష్కుడో పుడతాడని చరక సంహిత శారీరస్థానం చెప్పింది. సీమంతాలు, గాజులు, పుట్టింటి పురుడు ఆమె మనసును కాచే ఏర్పాట్లే. అయితే ఆ ముద్దుమురిపెం తొలిచూలుకే. ఇద్దరాడపిల్లల తర్వాత మళ్ళీ నీళ్ళోసుకున్నదాన్ని అలా చూసుకునే ఇళ్ళు తక్కువ.

ఐరోపాలో గర్భిణుల, బాలింతల మనోవ్యాధులపై తొలి సమగ్ర గ్రంథాన్ని ఫ్రెంచి వైద్యుడు లూయీ విక్టర్ మార్సె 1858లో రాశాడు. ఆ తర్వాత చాలాకాలం చూపంతా కాన్పు తర్వాతి ఉన్మాదం మీదే ఉండిపోయింది. 1987లో జాన్ కాక్స్, జెనీ హోల్డెన్, రూత్ సగోవ్‌స్కీ బాలింతల్లో కుంగుబాటును పసిగట్టే పది ప్రశ్నల ఎడిన్‌బరో కొలమానాన్ని రూపొందించారు. గడచిన ఏడు రోజుల్లో మనసెలా ఉందో అందులో ఆమెనే అడుగుతారు. తర్వాత దాన్ని గర్భిణులకూ వాడారు.

ఇక నెల్లూరు సంగతికొస్తే, అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ 1840లో ఇక్కడికి చేరింది. తర్వాత ఆడవాళ్ళకు, పిల్లలకు ఆసుపత్రి పెట్టింది. ఆనాటి పోరాటం తల్లీబిడ్డల ప్రాణాలు దక్కించుకోవడం కోసమే. మనసు సంగతి వేరే దారిలో బయటపడింది. 1992లో ఇదే జిల్లాలోని దూబగుంట ఆడవాళ్ళు సారాపై తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. భర్త తాగుడు, దెబ్బలు గర్భిణిని కుంగదీసే ప్రధాన కారణాలని పరిశోధనలు చెబుతున్నాయి. అందుకే దూబగుంటను ఈ చరిత్రలోనూ చేర్చాలి.

మైపాడు, ఇసకపల్లి, జువ్వలదిన్నె వంటి ఊళ్ళలో సముద్రమూ ఒక కారణం. వాయుగుండం కబురు తెలిస్తే, మగడు ఒడ్డు చేరేదాకా ఆమెకు ముద్ద దిగదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, చేతిలో డబ్బాడదు. నెలలు నిండుతున్నా చేపల గంప నెత్తికెత్తుకోక తప్పని వాళ్ళున్నారు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను, 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఈ తీరాన్ని దెబ్బతీశాయి.

నెల్లూరు వాళ్ళు పెద్ద జబ్బులకు వెళ్ళే రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాల పరిశోధకులు కణియంబాడి ప్రాంతపు పల్లె స్త్రీలను చివరి నెలల్లోనూ, కాన్పయ్యాకా కలిసి మాట్లాడారు. 2002లో వెలువడిన ఆ అధ్యయనంలో 11 శాతం మందికి కాన్పు తర్వాత కొత్తగా కుంగుబాటు వచ్చింది. తక్కువ రాబడి, కొడుకు కావాలనుకుంటే కూతురు పుట్టడం, అత్తతో పొసగకపోవడం, పనికి సాయం లేకపోవడం అందుకు కారణాలుగా తేలాయి.

కుంగుబాటున్న గర్భిణులకు 37 వారాలు నిండకుండానే కాన్పు కావడం, బిడ్డ రెండున్నర కిలోలకు తక్కువ తూగడం కొంత ఎక్కువని 2010లో వచ్చిన ఒక విశ్లేషణ చూపింది. ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ పెరగడం ఒక కారణం కావచ్చు. సరిగా తినకపోవడం, ఐరన్ మాత్రలు మానేయడం, పరీక్షలకు వెళ్ళకపోవడం కూడా తోడవుతాయి. పుట్టాక పాలివ్వడం, టీకాలు వేయించడం వెనకబడతాయి.

మాటసాయంతోనే చాలామంది కోలుకుంటారు. పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు గర్భిణుల ఇళ్ళకు వెళ్ళి మాట్లాడితే, బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి కుంగుబాటు సగానికి పైగా తగ్గింది. బిడ్డలకు విరేచనాలూ తగ్గాయి. ఈ ఫలితాలు 2008లో వెలువడ్డాయి. మన ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు ఎలాగూ గడప తొక్కుతూనే ఉన్నారు. బరువు, రక్తపోటు, హిమోగ్లోబిన్ రాసుకుంటున్నారు. మనసెలా ఉందమ్మా అని అడగడం మాత్రం ఇంకా అలవాటు కాలేదు. అది చేయాల్సిన పనే. తీవ్రమైన కుంగుబాటుకు మందులూ అవసరమవుతాయి. కడుపుతో ఉన్నామని వాటిని సొంతంగా ఆపకూడదు, డాక్టరును అడగాలి.

బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో 2009 నుంచి తల్లీబిడ్డల ప్రత్యేక విభాగం నడుస్తోంది. చికిత్స పొందుతున్న తల్లి నుంచి మూడేళ్ళలోపు బిడ్డను సాధారణంగా వేరు చేయరాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీమానస్‌తో 14416 నంబరుకు ఫోన్ చేసి ఉచితంగా మాట్లాడవచ్చు.