చంపారణ్యంలో ఆగిన నడక

ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌పూర్‌కు దక్షిణాన అభన్‌పూర్ ఉంది. అక్కడ చీలిన దారి నవాపారా మీదుగా మహానది దాటి రాజిం చేరుతుంది. ఈ చుట్టుపక్కలే చంపారణ్ లేదా చంపారణ్యం అనే చిన్న ఊరు ఉంది. దాని పాత పేరు చంపాఝర్. పుష్టిమార్గ వైష్ణవానికి ఆద్యుడైన వల్లభాచార్యుడు 1479లో ఇక్కడే పుట్టాడని ఆ సంప్రదాయం చెబుతుంది. ఆయన తల్లిదండ్రులు తెలుగువారు. కాశీ నుంచి కాలినడకన దక్షిణానికి బయలుదేరిన ఆ దంపతులు లక్ష్మణభట్టు, ఇల్లమ్మ.

లక్ష్మణభట్టుది వెలనాటి వైదిక కుటుంబం. భారద్వాజ గోత్రం, తైత్తిరీయ శాఖ, ఆంధ్రదేశంలోని కాంకరవాడ స్వగ్రామం. ఇల్లమ్మ విజయనగర రాజపురోహితుని కూతురు. ఆ వంశంలో తరతరాలుగా సోమయాగాలు చేస్తూ వచ్చారు. నూరోది లక్ష్మణభట్టు హయాంలో పూర్తయిందనీ, ఆ తర్వాతే దంపతులు కాశీ చేరారనీ సంప్రదాయ గ్రంథాలు చెబుతాయి.

అప్పట్లో తెలుగునాట కాశీ ప్రయాణమంటే తిరిగి వస్తారన్న ఆశ వదులుకోవడమే. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమన్న సామెత ఊరికే పుట్టలేదు. అంతకు మూడున్నర శతాబ్దాల తర్వాత, 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య పల్లకీతో, పరివారంతో వెళ్లి కూడా 1831 సెప్టెంబరులో గాని ఇల్లు చేరలేదు. ఆయన హైదరాబాదు, నాగపూరు, జబల్‌పూర్ల మీదుగా వెళ్లి, తిరుగుదారిలో గయ, కలకత్తా, జగన్నాథం చూసుకుని వచ్చాడు. లక్ష్మణభట్టు దంపతులు పట్టిన ఛత్తీస్‌గఢ్ దారి ఈ రెండు దారులకూ నడుమ, అడవుల్లోంచి పోతుంది.

దంపతులు కాశీ విడిచింది దండయాత్ర భయంతో. కాశీ అప్పుడు జౌన్‌పూర్ షర్కీ సుల్తానుల ఏలుబడిలో ఉంది. ఢిల్లీ పాలకుడు బహ్లూల్ లోడీకీ వాళ్లకూ చాలాకాలం సాగిన యుద్ధం 1479లో జౌన్‌పూర్ పతనంతో ముగిసింది. ఊళ్లో పుట్టిన కలవరానికి ఇదే కారణమై ఉండవచ్చు. ఏమైనా, దక్షిణాదివారు గుంపుగా బయలుదేరారు. వాళ్లలో ఇల్లమ్మ గర్భిణి.

పటం మీద గీత గీసి కొలిస్తేనే కాశీకీ చంపారణ్‌కూ మధ్య దాదాపు 500 కిలోమీటర్లు. శోణనది దాటాలి, మైకల్ కొండల పొడవునా అడవిలో దారి వెతుక్కోవాలి. నడిచేవారికి దూరం ఆమడల్లో, మజిలీల్లో లెక్క. తెల్లవారకముందే లేచి, ఎండ ముదిరేలోపు వీలైనంత నడవాలి. నీళ్లున్నచోట మూటలు దించి స్నానం, సంధ్య, ఆ తర్వాత వంట. ఆచారవంతుల కుటుంబాల్లో దారిలో ఎవరు పడితే వారు వండింది తినరు. మూడు రాళ్లు పేర్చి, పుల్లలు ఏరి, మడి కట్టుకుని వండే పని ఆడవాళ్లదే. అంటే మగవాడు అలుపు తీర్చుకునే పూట వాళ్లకు ఇంకో పని మొదలయ్యేది. రోజుకు 20 కిలోమీటర్లు నడిచినా ఈ దూరానికి నెల దాకా పడుతుంది. సంప్రదాయ కథలు శిశువు మహిమను విస్తారంగా చెబుతాయి గాని, గర్భిణి అన్ని రోజులు నడిచిన సంగతిని ఒక్క వాక్యంలో దాటేస్తాయి. చంపారణ్యం క్షేత్రమైంది మాత్రం ఆమె ఇక నడవలేకపోయిన చోటు కావడం వల్లనే.

నెలలు నిండకుండానే ప్రసవమైంది. బిడ్డలో కదలిక లేదు. ప్రాణం లేదనుకుని గుడ్డలో చుట్టి, జమ్మిచెట్టు కింద ఆకులు పరిచి పడుకోబెట్టి దంపతులు ముందుకు సాగారు. ఆ రాత్రి కలలో దైవం కనిపించి బిడ్డ బతికే ఉన్నాడని చెప్పిందట. వెనక్కి వచ్చి చూస్తే శిశువు చుట్టూ అగ్నివలయం ఉంది, లోపల బిడ్డ ఆడుకుంటున్నాడు. ఇల్లమ్మ మంటలోకి చేతులు చాచి ఎత్తుకుంది. వల్లభుణ్ణి అగ్ని అవతారంగా కొలవడానికి ఈ కథే ఆధారం. తర్వాత కాశీలో అలజడి తగ్గిందని తెలిసి కుటుంబం అటే తిరిగి వెళ్లింది.

వల్లభుడి జీవితం కూడా నడకలోనే గడిచింది. చెప్పులు లేని కాళ్లతో మూడుసార్లు దేశం చుట్టాడని సంప్రదాయం చెబుతుంది. భాగవతం ప్రవచించిన 84 చోట్లను బైఠకులు అంటారు. చంపారణ్ వాటిలో ఒకటి. విజయనగరంలో కృష్ణదేవరాయలు ఆయనకు కనకాభిషేకం చేశాడని కూడా అంటారు. ఆయన 1531లో కాశీలో కన్నుమూశాడు. ఆయన మతం గుజరాత్, రాజస్థాన్‌లలో వేళ్లూనింది. చంపారణ్ యాత్రికుల్లో ఎక్కువమంది ఆ ప్రాంతాల వారే. తెలుగువారికి ఈ ఊరి పేరు పెద్దగా తెలియకపోవడం విచారించాల్సిన విషయం. ఉత్తరాదిన వైశాఖ కృష్ణ ఏకాదశిగా జరిపే ఆయన జయంతి తెలుగు పంచాంగంలో చైత్ర బహుళ ఏకాదశి.

వల్లభుడికంటే ముందే ఈ నేలకు పూజ ఉంది. రాజింలోని రాజీవలోచన ఆలయంలో జగపాలుడనే పాలకుని 1145 నాటి శాసనం ఉంది. చంపారణ్‌లోని చంపేశ్వర లింగంలో శివుడు, పార్వతి, గణపతి ఒకే రాతిలో ఉన్నారని భక్తులు కొలుస్తారు. ఊరి చుట్టూ ఉన్న చెట్లను నరకకూడదన్న కట్టుబాటు స్థానికంగా ఉంది.

ఇక్కడ నడక ఇంకా ఆగలేదు. మహానది, పైరీ, సోండూర్ కలిసే రాజిం సంగమంలోని కులేశ్వరుడి దగ్గర బయలుదేరి పటేవా, చంపారణ్, బమ్హనీ, ఫింగేశ్వర్, కోప్రా ఊళ్లలోని శివాలయాలు చుట్టి మళ్లీ కులేశ్వరుడి దగ్గరికే వచ్చే యాత్రను పంచకోశి అంటారు. ఊళ్లవాళ్లు బియ్యం, పప్పు మూటకట్టుకుని, దారిలో వండుకు తింటూ ఈ యాత్ర చేస్తారు. ఈ దారుల్లోకి రైలు కూడా వచ్చింది. 1900 ప్రాంతంలో వచ్చిన రాయ్‌పూర్-ధమ్‌తరీ నారోగేజి రైలుకు అభన్‌పూర్ నుంచి రాజిం దాకా ఒక శాఖ ఉండేది. గేజి మార్చాక 2025 మార్చి 30న రాయ్‌పూర్-అభన్‌పూర్ మధ్య మెమూ రైలు మొదలైంది.