నొప్పి ఎవరి మాట? హార్ట్ హౌస్ నుంచి సుప్రీంకోర్టు దాకా

పోయిన ఎపిసోడ్‌లో ఫిజియోథెరపీ గురించి మాట్లాడుకున్నాం కదా, టైం చాలక చరిత్ర భాగం సగంలోనే ఆపేశాను. ఆ మిగిలింది ఇక్కడ రాసి పెడుతున్నా. ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు, ఫిలాసఫీ చదివినవాణ్ణీ కాదు. ఐటీఐ చేసి, ఇక్కడ ఓక్‌విల్‌లో సైట్లు చూసుకునేవాణ్ణి. మా పనిలో నడుం, భుజం, మోకాలు అన్న మాటలు రోజూ వినబడతాయి. వాటి వెనకాలే ఇంకో మాట కూడా మెల్లగా వినబడుతుంది: "వీడికి నిజంగా నొప్పేనా?" ఈ ప్రశ్నకి మూడున్నర వందల ఏళ్ళ పైబడిన చరిత్ర ఉంది.

అందరూ డెకార్త్‌తో మొదలుపెడతారు. ఆయన 1650లో చనిపోయాడు, మనిషి శరీరం మీద రాసిన పుస్తకం 1662లో బయటికొచ్చింది. అందులో ఒక బొమ్మ చాలా ప్రసిద్ధి. ఒకడి పాదం దగ్గర నిప్పు ఉంటుంది. పాదం నుంచి తల దాకా ఒక దారం. గుడిలో తాడు లాగితే పైన గంట మోగినట్టు, ఇక్కడ కాలితే అక్కడ నొప్పి. అంటే దెబ్బ ఎంతో నొప్పి అంత. దెబ్బ కనబడకపోతే నొప్పి అబద్ధం. ఈ రెండో మాట డెకార్త్ అనలేదు, తర్వాతివాళ్ళు తీసుకున్న అర్థం అది. కాలు తీసేసినవాళ్ళకి లేని కాలులో నొప్పి వస్తుందన్న సంగతి ఆయనకే తెలుసు, 1641 పుస్తకంలో దాని గురించి రాశాడు కూడా. మనసు శరీరంలో పడవలో కూర్చున్న నావికుడిలా ఉండదని కూడా అన్నాడు. పాపం, ఆ సగం ఎవరికీ గుర్తుండదు.

ఇక మన దగ్గరికి వద్దాం. టొరంటో డౌన్‌టౌన్‌లో యూనివర్సిటీ మధ్యలో హార్ట్ హౌస్ అని రాతి కట్టడం ఒకటుంది. 1911లో పని మొదలైంది, మధ్యలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది, తెరిచేసరికి 1919 నవంబరు అయింది. కట్టడం పూర్తికాకముందే సైన్యం దాన్ని వాడుకుంది. (ఫినిషింగ్ కాకుండానే జనం లోపలికి దిగిపోవడం ఏ కాలంలోనైనా ఉన్నదే.) అక్కడ గాయపడిన సైనికులకి చేతులూ కాళ్ళూ మళ్ళీ ఆడేలా చేసే పని నడిపించింది ఎడ్వర్డ్ బాట్ అనే మనిషి. ఆయన డాక్టరు కాదు, సైకాలజీ మాస్టారు. అప్పట్లో ఆ యూనివర్సిటీలో సైకాలజీకి వేరే డిపార్ట్‌మెంటు లేదు, ఫిలాసఫీలోనే ఒక ముక్క. 1920లలో గానీ విడిపోలేదు. అంటే కెనడాలో ఫిజియోథెరపీ మొదటి అడుగుల్లో కొన్ని ఫిలాసఫీ డిపార్ట్‌మెంటువాళ్ళు వేయించినవి.

బాట్ పట్టుకున్న విషయం చిన్నదే కానీ గట్టిది. అంతకుముందు రోగి పడుకుంటే ఎవరో మర్దనా చేసేవారు, లేకపోతే యంత్రం చేతిని అటూ ఇటూ తిప్పేది. బాట్ ఏమన్నాడంటే, కదిలించాల్సింది రోగే. తన మణికట్టు ఎన్ని డిగ్రీలు తిరిగిందో తన కళ్ళతో తానే చూసుకునేలా పరికరాలు పెట్టాడు. నిన్నటికంటే ఇవాళ రెండు డిగ్రీలు ఎక్కువైతే మనసు కూడా ముందుకొస్తుంది. శరీరం అంటే రిపేరుకొచ్చిన బండి కాదు, అందులో మనిషి ఉన్నాడు అన్నదే దీని సారం. హార్ట్ హౌస్‌లో శిక్షణ పొందిన ఆడవాళ్ళు మిలిటరీ ఆస్పత్రులకి వెళ్ళారు. 1920లో ఫిజియోల దేశవ్యాప్త సంఘం పుట్టింది, 1929లో టొరంటో యూనివర్సిటీలో డిప్లొమా కోర్సు వచ్చింది.

అయినా ఆ దారం, ఆ గంట బొమ్మ మాత్రం పోలేదు. దాన్ని గట్టిగా కదిపింది మాంట్రియల్‌వాడు రోనాల్డ్ మెల్జాక్. ఆయన, పాట్రిక్ వాల్ కలిసి 1965లో సైన్స్ పత్రికలో ఒక వ్యాసం వేశారు. వెన్నుపాములో ఒక గేటు లాంటిది ఉంది, కింద నుంచి వచ్చే కబుర్లన్నీ అది ఉన్నవున్నట్టు పైకి పంపదు అన్నారు. రుద్దితే గేటు కొంచెం మూసుకుంటుంది, అందుకే దెబ్బ తగలగానే మన చెయ్యి దానంతటదే అక్కడికి వెళ్తుంది. భయం, ధ్యాస, పాత అనుభవం, ఇవి పై నుంచి కూడా గేటుని ఆడిస్తాయి. వివరాల్లో తర్వాత చాలా మార్పులొచ్చాయి కానీ అసలు మాట నిలిచింది.

నాకు మెల్జాక్‌లో ఇంతకంటే నచ్చింది ఆయన మాటలు పోగుచేయడం. లేని కాలులో నొప్పి ఉన్నవాళ్ళు దాన్ని ఏ మాటలతో చెప్తున్నారో రాసుకుంటూ పోయి, 1975లో మెక్‌గిల్ ప్రశ్నావళి తయారుచేశాడు. 78 మాటలు, 20 గుంపులు. నొప్పి ఎంత అని మాత్రమే కాదు, ఎలాంటిది అని కూడా అడగాలన్నది ఆయన పట్టు.

ఇది చదివితే తెలుగు గుర్తుకు రాకుండా ఉంటుందా! సలుపు వేరు, పోటు వేరు, మంట వేరు. కాళ్ళు పీకుతాయి, నరం లాగుతుంది, నడుం పట్టేస్తుంది, ఒక్కోసారి కలుక్కుమంటుంది, పన్ను జివ్వుమంటుంది. ఊరి నుంచి వచ్చిన మన పెద్దవాళ్ళని ఇక్కడ క్లినిక్‌లో "సున్నా నుంచి పదిలో ఎంత?" అంటే తెల్లమొహం వేస్తారు. "పొద్దున లేవగానే గుంజుతుందమ్మా, నడిస్తే సర్దుకుంటుంది" అంటారు. పక్కనున్న కొడుకు "సిక్స్" అని అనువదిస్తాడు. సగం సమాచారం అక్కడే పోయింది. ఇంకోటి చూడండి. నొప్పించడం అన్న మాట మనం వాడేది ఎక్కువగా మనసుకే. నొచ్చుకున్నాడు అంటే మోకాలు కాదు. బాధ అన్నది రెండింటికీ సరిపోతుంది. డెకార్త్ పేరు మీద చలామణీ అయిన ఆ గోడ మన భాషలో ఎవరూ కట్టలేదు.

మా లైనువాళ్ళందరికీ చెప్పాల్సిన కేసు ఒకటి 1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 29 ఏళ్ళ బిల్డింగు పనివాడు 15 సెంటీమీటర్ల మేకు మీదకి దూకాడు. మేకు బూటు పైకి పొడుచుకొచ్చింది. చిన్న కదలికకే విలవిల్లాడితే మత్తుమందు ఇచ్చి మేకు లాగారు. బూటు తీసి చూస్తే మేకు వేళ్ళ మధ్య నుంచి వెళ్ళింది, కాలికి గీత కూడా పడలేదు. మరి వాడు నటించాడా? లేదు. కళ్ళు చూసినదాన్ని బట్టి మెదడు నొప్పి తయారుచేసింది. రెండో ప్రపంచయుద్ధంలో దీనికి తలకిందుల సంగతి బీచర్ అనే డాక్టరు చూశాడు, పెద్ద పెద్ద గాయాలైన సైనికుల్లో చాలామంది మందు అక్కర్లేదన్నారు.

ఇక్కడే నాకొక భయం. "నొప్పి మెదడులో తయారవుతుంది" అన్న మాటని "అంతా నీ భ్రమ" అని తిప్పడం చాలా తేలిక. డబ్బు సంగతి వచ్చినప్పుడు మరీ తేలిక. ఒంటారియోలో కార్మికుల పరిహార చట్టం 1915 జనవరి నుంచి అమల్లో ఉంది. యజమాని మీద దావా వేసే హక్కు కార్మికుడు వదులుకుంటాడు, బదులుగా తప్పు ఎవరిదని అడక్కుండా పరిహారం ఇస్తారు. మిగతా రాష్ట్రాల్లోనూ ఇదే పద్ధతి. దీంట్లో మనిషి ఒప్పుకున్న బేరం ఏమిటంటే, దెబ్బ తగిలితే నమ్ముతారని.

నోవా స్కోషియాలో ఆ నమ్మకానికి గండి పడింది. గాయం మానాల్సిన కాలం దాటినా, స్కానులో ఏమీ కనబడకపోయినా వదలని నొప్పి ఉంటే, మామూలు పరిహారం లేదని నిబంధన పెట్టారు. నాలుగు వారాల ఒక ప్రోగ్రాం, అంతే. ఒక ఫోర్‌మన్, బస్సు అద్దం తుడవబోయి పడిన ఒక డ్రైవరు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2003 అక్టోబరు 3న కోర్టు ఏకగ్రీవంగా వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. ఇప్పటి పరీక్షల్లో దొరకనంత మాత్రాన ఆ నొప్పి అబద్ధం కాదని, అలాంటివాళ్ళందర్నీ ఒక గుంపుగా కట్టి పక్కన పెట్టడం సమానత్వ హక్కుకి విరుద్ధమని చెప్పింది. చట్టం మార్చుకోవడానికి ఆరు నెలలు గడువిచ్చింది.

నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 1979లో రాసుకున్న నిర్వచనాన్ని 2020లో మార్చింది. పాతదాంట్లో నొప్పిని మాటల్లో వర్ణించడం అన్న ముక్క ఉండేది. మాట్లాడలేని పసిపిల్లల సంగతేమిటని దాన్ని తీసేశారు. ఒక మనిషి నాకు నొప్పిగా ఉందంటే ఆ మాటని గౌరవించాలని కింద వివరణలో చేర్చారు. ఓక్‌విల్‌లో ఫిజియో దగ్గరికి అమ్మానాన్నల్ని తీసుకెళ్ళేవాళ్ళు ఈసారి అంకె ఒక్కటే చెప్పకండి. సలుపా, మంటా, లాగడమా అడిగి, అది కూడా ఫారం మీద రాయించండి.