పెరటితోటకు కాపరి వేపగింజ

పూర్వము తెలుగువారి పెరటిలో బీర, పొట్ల పాదులు పందిరి నల్లుకొని యుండెడివి. వంగమొక్కకు పేనుబంక పట్టినచో ఇల్లాలు పొయ్యిలోని బూడిదను జల్లించి ఆకులపై చల్లెడిది. ధాన్యపు గాదెలోను, బట్టల మడతలలోను ఎండిన వేపాకు ఉంచుట ప్రతి యింటను ఉన్న అలవాటే. అయితే వేప పురుగును ఎట్లు ఆపుచున్నదో నాడు ఎవ్వరికిని తెలియదు.

ఇంతలో రసాయనిక మందుల యుగము వచ్చినది. డి.డి.టి. అను పదార్థమును జైడ్లర్ 1874లోనే తయారుచేసినను, అది కీటకములను చంపునని స్విట్జర్లండు శాస్త్రజ్ఞుడు పాల్ ముల్లర్ 1939లో కనుగొనెను. ఇందులకు 1948లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. మలేరియా దోమలను అణచుటలో డి.డి.టి. చేసిన మేలు నిజమే. ఒకసారి చల్లిన నెలల తరబడి చెడకుండ నిలుచుటయే దాని గొప్ప యని అందరును తలచిరి. కాని ఆ గుణమే దోషమైనది. చెడని మందు మట్టిలో నిలిచి, మేతలో చేరి, జంతువుల కొవ్వులో పేరుకొనును. పారథియాన్ వంటి మరికొన్ని మందులు మనుష్యుల నరములనే దెబ్బతీయును. 1958లో కేరళలో పారథియాన్ కలిసిన గోధుమపిండి తిని నూరుమందికి పైగా మరణించిరి. మన దేశములో సేద్యమునకు డి.డి.టి. వాడుక 1989లో నిషేధింపబడినది.

శాస్త్రజ్ఞుల దృష్టిని వేపవైపు మరల్చినవి మిడుతలు. 1959లో సూడాన్ దేశమున మిడుతలదండు పచ్చనిదంతయు మేసి వేపచెట్లను మాత్రము విడిచిపెట్టుటను జర్మను శాస్త్రజ్ఞుడు ష్ముటరర్ గమనించెను. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో ప్రధాన్, జోత్వానీ, రాయ్ అనువారు వేపపప్పును నీటిలో కలిపి పైరులపై చల్లిచూచిరి. మిడుతలు వాలినవి గాని ఆకు కొరుకలేదు. ఈ ఫలితమును వారు 1962లో ప్రకటించిరి. 1968లో ఇంగ్లండున బటర్‌వర్త్, మోర్గన్ అనువారు వేపగింజనుండి అజాడిరాక్టిన్ అను పదార్థమును వేరుచేసిరి. ప్రయోగశాలలో దానిని తయారుచేయుటకు స్టీవెన్ లే బృందమునకు 22 సంవత్సరములు పట్టినది. 2007లో గాని ఆ పని ముగియలేదు. వేపచెట్టు ఆ పనిని ఏటేటా చేయుచునే యున్నది.

అజాడిరాక్టిన్ రెండు విధములుగా పనిచేయును. మొదటిది, పురుగునకు ఆకు సహింపకుండ చేయుట. రెండవది, కుబుసము విడుచుటకు కావలసిన హార్మోనును తారుమారు చేయుట. అందుచే పిల్లపురుగు ఎదుగలేక చచ్చును. ఎండ తగిలినచో ఈ పదార్థము కొద్ది దినములలోనే విచ్ఛిన్నమగును.

విశాలమైన పొలమున ఇది లోపముగా తోచవచ్చును. పెరటితోటకు ఇదియే వరము. కూరపై విషము మిగులదు. మరల చల్లుటకు ఇంటివారు ఎల్లప్పుడును దగ్గరనే యుందురు. జ్యేష్ఠాషాఢములలో రాలిన వేపపండ్ల గింజలను ఏరి, కడిగి, నీడన ఆరబెట్టి దాచుకొనవలెను. 50 గ్రాముల పప్పును దంచి లీటరు నీటిలో రాత్రంతయు నానవేసి, గుడ్డతో వడకట్టి, కొంచెము సబ్బునీరు కలిపి సాయంకాలము ఆకుల పైనను అడుగునను చల్లవలెను. వారము, పది దినములకు మరల చల్లవచ్చును. వేపయే గదా యని ఈ ద్రావణమును పసిపిల్లలకు అందునట్లు ఉంచరాదు.

అయితే కాయలోనికి తొలుచుకొనిపోయిన పురుగును వేపనీరు ఏమియు చేయజాలదు. పుచ్చుకాయను కోసి నాశనము చేయవలసినదే. ఆకుల అడుగున గ్రుడ్లను కనిపెట్టుటలో పిల్లల కన్ను పెద్దలకంటె చురుకైనది. ఉదయమున పిల్లలు ఆకులు తిరగవేసి చూచుట, పెద్దలు వేపనీరు సిద్ధపరచుట అలవాటైన యింట విషపు సీసాతో పని యుండదు. డి.డి.టి. గొప్ప ఎవ్వరును చూడకున్నను నెలల తరబడి కాపలా కాయుటలో ఉండెను. వేపగింజ కాపలాకు మాత్రము ఇంటిల్లిపాది కన్ను తోడు కావలెను.