వాటికన్ నగర పోలీసు వ్యవస్థ

వాటికన్ నగర పోలీసు వ్యవస్థ అనగా ప్రపంచంలోని అతి చిన్న స్వతంత్ర దేశమైన వాటికన్ నగరంలో శాంతిభద్రతలను కాపాడే ఏర్పాటు. ఈ దేశ వైశాల్యం సుమారు 0.44 చదరపు కిలోమీటర్లు, జనాభా వెయ్యి లోపు. అయితే ప్రతి సంవత్సరం లక్షల సంఖ్యలో యాత్రికులు, పర్యాటకులు ఇక్కడకు వస్తారు. అందువలన పోలీసుల పని నివాసుల కంటే సందర్శకులతోనే ఎక్కువగా ముడిపడి ఉన్నది. నేరాల సంఖ్యను జనాభాతో భాగించి చూస్తే నేరాల రేటు చాలా ఎక్కువగా కనిపించడానికి కారణం కూడా ఇదే. రక్షణ బాధ్యతను జెండార్మరీ దళం, స్విస్ గార్డు, ఇటలీ పోలీసులు పంచుకుంటారు.

జెండార్మరీ దళం

దేశపు అసలైన పోలీసు దళం ఇదే. దీని మూలాలు 1816లో పోప్ ఏడవ పయస్ స్థాపించిన దళంలో ఉన్నాయి. 1970లో పోప్ ఆరవ పాల్ స్విస్ గార్డును తప్ప తక్కిన సాయుధ దళాలన్నిటినీ రద్దు చేశాడు. తరువాత భద్రతా పనులకై ఏర్పడిన పౌర విభాగం పలు మార్పులు చెంది, 2002లో తిరిగి జెండార్మరీ అనే పేరు పొందినది. ఇందులో సుమారు 130 మంది పనిచేస్తారు. గస్తీ, వాహన రాకపోకల నియంత్రణ, ద్వారాల వద్ద తనిఖీ, నేర పరిశోధన వీరి విధులు. ఈ దళం, అగ్నిమాపక దళం ఒకే సంచాలక శాఖ క్రింద, దేశ పరిపాలనా సంస్థ అయిన గవర్నరేట్ అధీనంలో ఉంటాయి. 2008లో వాటికన్ ఇంటర్‌పోల్‌లో సభ్యత్వం పొందినది.

స్విస్ గార్డు

రంగురంగుల దుస్తులతో కనిపించే స్విస్ గార్డులను చాలామంది పోలీసులుగా భావిస్తారు. నిజానికి ఇది పోప్ అంగరక్షణకు, ఆయన నివాస రక్షణకు ఉద్దేశించిన సైనిక దళం. 1506లో పోప్ రెండవ జూలియస్ కాలంలో ఏర్పడినది. 1527 మే 6న రోమ్ నగర దోపిడీ సమయంలో పోప్‌ను కాపాడుతూ 147 మంది గార్డులు మరణించారు. అందుకే కొత్తవారు సాధారణంగా మే 6న ప్రమాణం చేస్తారు. ఇందులో చేరువారు స్విట్జర్లాండ్ పౌరులు, కేథలిక్కులు, సైనిక శిక్షణ పొందిన అవివాహిత యువకులై ఉండాలి.

ఇటలీ పాత్ర

1929 నాటి లాటరన్ ఒప్పందం ప్రకారం సెయింట్ పీటర్స్ చౌకం వాటికన్ భూభాగమే అయినా, సాధారణ సమయాలలో అక్కడ పోలీసు అధికారం ఇటలీది. ఆ అధికారం బసిలికా మెట్ల మొదటితో ఆగిపోతుంది. వాటికన్ కోరినపుడు అక్కడి నేరాలను ఇటలీ విచారించవచ్చు. 1981 మే 13న ఈ చౌకంలో పోప్ రెండవ జాన్ పాల్‌పై కాల్పులు జరిపిన మెహ్మెత్ అలీ అగ్జాను ఇటలీ న్యాయస్థానమే విచారించి యావజ్జీవ శిక్ష విధించినది. వాటికన్‌లో దీర్ఘకాల శిక్షలకు తగిన కారాగారం లేదు. జెండార్మరీ భవనంలో కొన్ని గదులు మాత్రమే ఉన్నాయి.

సమస్యలు

శాసన, కార్యనిర్వాహక, న్యాయాధికారాలు మూడూ పోప్‌కే చెందుతాయి. కనుక దర్యాప్తు చేసేవారు, నిందితుడు, బాధితుడు ఒకే ఆవరణకు చెందినవారు కావచ్చు. 2012లో రహస్య పత్రాలు బయటపెట్టిన పోప్ సేవకుడు పావొలో గాబ్రియేలెను జెండార్మరీ అరెస్టు చేసినది. వాటికన్ న్యాయస్థానం 18 నెలల శిక్ష విధించగా, ఆ పత్రాలు ఎవరివో ఆ పోప్ పదహారవ బెనెడిక్టే క్షమాభిక్ష ఇచ్చాడు. 2019లో ఒక అంతర్గత భద్రతా నోటీసు పత్రికలకు చేరడంతో దళాధిపతి డొమెనికో జియాని పదవి వదులుకున్నాడు.

రెండు దేశాల పరిధి వలన కలిగే చిక్కుకు ఎమాన్యుయేలా ఓర్లాండి ఉదంతం ఉదాహరణ. వాటికన్ ఉద్యోగి కుమార్తె అయిన ఈ 15 ఏళ్ల బాలిక వాటికన్‌లో నివసించేది. 1983 జూన్ 22న రోమ్‌లో అదృశ్యమైనది. దర్యాప్తు ఇటలీ చేతిలో ఉండగా, ఆమె ఇల్లు మాత్రం వాటికన్ గోడల లోపల ఉన్నది. ఆమె కుటుంబం ఏళ్ల తరబడి వాటికన్ సహకారాన్ని కోరుతూ వచ్చినది. చివరకు 2023లో వాటికన్ తన సొంత విచారణ ప్రారంభించినది.