పడ్డచోట ఆగాలి: విసురుడు ఆటలు ఇంట్లోకి వచ్చిన తీరు

ఏ ఆటైనా ముందు ఆరుబయట పుట్టిందనీ, దాన్నే కుదించి ఇంట్లోకి, ఆపైన బల్ల మీదికి తెచ్చారనీ ఆటల చరిత్ర రాసేవాళ్ళు చాలామంది అనేస్తుంటారు. టెన్నిస్ కోర్టు చిన్నదై టేబుల్ టెన్నిస్ అయింది, క్రోకే పచ్చిక చిన్నదై టేబుల్ క్రోకే అయింది, విసురుడు ఆటలూ అంతే అన్నది వారి లెక్క. ఈ లెక్క విసురుడు ఆటల దగ్గర తప్పుతుంది. అమెరికాలో ఇవాళ పెరళ్ళలో, పార్కింగ్ స్థలాల్లో ఆడే కార్న్‌హోల్‌నే తీసుకోండి. ఏటవాలుగా నిలిపిన చెక్క పలక, దాని పైభాగంలో ఒక బెజ్జం, ఆ బెజ్జంలోకి విసిరే గింజల సంచులు. ఇది పొలంలో పుట్టిన ఆట అని అందరూ చెప్పుకుంటారు. కాగితాల మీద దొరికే సాక్ష్యం మాత్రం దాన్ని డ్రాయింగ్ రూమ్‌లో చూపిస్తోంది. ఆట బయటినుంచి లోపలికి రావడమే కాదు, లోపలినుంచి బయటికీ వెళ్ళింది. ఆ రాకపోకల్లో అసలు మారింది దూరం కాదు, విసిరే వస్తువు.

పాత సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. దూరంగా పాతిన మేకు మీదికి నడుమ బెజ్జమున్న ఇనుప చక్రాన్ని విసిరే కాయిట్స్ బ్రిటన్‌లో శతాబ్దాల నాటిది. గుర్రపు నాడాలతో ఆడే ఆట దానికి దగ్గరి చుట్టం. 1881లో ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులు నిబంధనలు రాసుకున్నాక మేకుల మధ్య 11 గజాల దూరం, రెండు కిలోలు దాటిన చక్రం, మేకు చుట్టూ తడి బంకమట్టి అక్కడ స్థిరపడ్డాయి. ఈ బంకమట్టిని వర్ణించేవాళ్ళు ఒక ముక్కలో చెప్పి దాటేస్తారు. నా దృష్టిలో ఆటకు ప్రాణం అదే. చక్రం పడ్డచోటే మట్టిలోకి దిగి, ఏ వాలులో దిగిందో ఆ వాలులోనే నిలుస్తుంది. తరవాతి ఆటగాడు దాని మీదుగా వెయ్యాలా, పక్కనుంచి వెయ్యాలా అని ఆలోచించగలిగేది అది కదలకుండా అక్కడ ఉంది కాబట్టే. గురి విలువ తేల్చేది మట్టి.

ఈ ఆటను ఇంట్లో ఆడాలంటే ఏం చెయ్యాలి? 19వ శతాబ్దం రెండో సగంలో అమెరికాలో పలువురు ఈ ప్రశ్నకు జవాబు వెతికారు. ‘పార్లర్ కాయిట్స్’ (పార్లర్ అంటే డ్రాయింగ్ రూమే) అన్న మాటతోనే వరసగా పేటెంట్లు వచ్చాయి. వాటిలో అందరికీ తోచిన మార్గం ఒకటే: బరువు తగ్గించి, దూరం తగ్గించి, మేకును చెక్క మీద బిగించడం. చూడటానికి బాగానే ఉంటుంది, ఆడితే ఉండదు. కారణం తెలియాలంటే జాతరలో రింగుల కొట్టు దగ్గర కాసేపు నిలబడితే చాలు. సబ్బులు, పౌడరు డబ్బాలు, స్టీలు గ్లాసులు వరసగా పేర్చి ఉంటాయి. పిల్లవాడు గురి చూసి వేసిన రింగు సరిగ్గా గ్లాసు అంచునే తాకుతుంది. తాకి ఎగిరి, పక్క డబ్బాకు కొట్టుకుని, నిలువునా దొర్లుకుంటూ బల్ల కిందికి పోతుంది. గురిలో లోపం లేదు, పడ్డచోట ఆగలేదంతే. కొట్టువాడి లాభమంతా ఆ ఎగురుడులోనే ఉంది. ఇంట్లో వాళ్ళు వాళ్ళతో వాళ్ళు ఆడుకునే ఆటకు అదే శాపం. గట్టి వస్తువు గట్టి నేల మీద పడితే నైపుణ్యం మొదటి దెబ్బతోనే ముగిసిపోతుంది, మిగతాది అదృష్టం. ఓడల డెక్కు మీద ఇనుము పనికిరాక తాడు రింగులు వాడారు, ఆ తరవాత రబ్బరు రింగులూ వచ్చాయి. మన బడుల్లో ఆడపిల్లలు ఆడే టెన్నికాయిట్ రింగు ఆ డెక్కు ఆటల వంశానిదే. కానీ అక్కడ రింగును పట్టుకునేది చెయ్యి. నేలతో పేచీ లేదు.

ఇక్కడ 1860ల నాటి ఒక సంగతిని ఎవరూ తగినంతగా పట్టించుకోలేదని నా ఫిర్యాదు. బోస్టన్‌లో వ్యాయామ విద్య నేర్పిన డియో లూయిస్ 1862లో ‘న్యూ జిమ్నాస్టిక్స్’ పుస్తకం తెచ్చాడు. ఆడవాళ్ళకూ పిల్లలకూ పనికొచ్చే తేలిక వ్యాయామాలు అందులో ముఖ్యం. వాటిలో గింజలు నింపిన సంచుల్ని ఒకరికొకరు విసురుకుని పట్టుకునే కసరత్తులకు చోటు దక్కింది. అంటే కార్న్‌హోల్ పేరు వినపడటానికి వందేళ్ళ ముందే గింజల సంచి హాళ్ళలో, పాఠశాల గదుల్లో, నాలుగు గోడల మధ్య విసరడానికి తగిన వస్తువుగా పేరు తెచ్చుకుంది. తగిలితే దెబ్బ తగలదు. కిటికీ అద్దం పగలదు. అన్నిటికన్నా ముఖ్యం, కిందపడితే ఎగరదు. సంచిలోని గింజలు ఒకదానికొకటి రాసుకుని, పడిన వేగాన్ని తమలోనే తినేస్తాయి. కాయిట్స్‌లో బంకమట్టి చేసే పనిని ఇక్కడ విసిరే వస్తువే చేసుకుంటుంది. మట్టిని నేలమీదినుంచి తీసి సంచిలో కట్టినట్టే అయింది.

1883లో హెయ్‌లిగర్ డి విండ్ట్ తీసుకున్న ‘పార్లర్ కాయిట్స్’ పేటెంటును ఈ వెలుగులో చదవాలి. పేరు పాతదే. బొమ్మలో మాత్రం మేకు లేదు, రింగు లేదు. ఏటవాలు పలక, దానిలో చదరపు బెజ్జం, విసరడానికి సంచులు ఉన్నాయి. బెజ్జాన్ని గుండ్రంగా చేస్తే ఇవాళ్టి ఆటే. ఆ హక్కులు మసాచుసెట్స్‌లో ఆటబొమ్మలు చేసే సంస్థకు వెళ్ళాయి, ‘ఫాబా బాగా’ అన్న పేరుతో ఆట అంగళ్ళలోకి వచ్చింది. దాని పలకకు చిన్నదీ పెద్దదీ రెండు బెజ్జాలు, వాటికి వేరు వేరు పాయింట్లు. ప్రతి ఆటగాడికీ వంతుకొక పెద్ద సంచి, దానికి రెట్టింపు లెక్క. డి విండ్ట్ కనిపెట్టింది సంచిని కాదు. మేకు చుట్టూ రింగు వెయ్యాలన్న పాత పట్టుదలను వదిలేయడం అతను చేసిన పని. మిగతావాళ్ళు కాయిట్స్‌ను చిన్నది చేయబోయారు. ఇతను కాయిట్స్‌లో ఏది నిలవాలో తేల్చుకుని మిగతాది మార్చాడు.

ఇక వాడుకలో ఉన్న కథ. 14వ శతాబ్దంలో జర్మనీలో మథియాస్ కుయెపెర్మన్ అనే వడ్రంగి, గ్రౌండ్‌హాగ్ బొరియలోకి రాళ్ళు విసురుతున్న పిల్లల్ని చూసి, వాళ్ళకు దెబ్బలు తగలకుండా చెక్కపెట్టె చేసి ఇచ్చాడంటారు. గ్రౌండ్‌హాగ్ ఉడుత జాతి జంతువు, ఉండేది ఉత్తర అమెరికాలో. కథలో కొందరు చేర్చే మొక్కజొన్న గింజలు కొలంబస్ ప్రయాణాలకు ముందు యూరప్‌కు చేరనే లేదు. ఇల్లినాయిలోని ఆదివాసులు ఎండు చిక్కుళ్ళు నింపిన పంది మూత్రాశయాలతో ఆడారన్న ఇంకో కథ ఉంది. దాని వెనకా అంతకుమించిన ఆధారం చూపినవాళ్ళు లేరు. ఒహాయో, కెంటకీ రైతులే మూలమన్న మాట వీటికన్నా నయం. పొలాల్లో గోనెసంచీ విసిరి ఆడుకోని రైతుబిడ్డ ఉండడు. పేటెంటు ఉంది కదా అని ఆట పుట్టుక అదేనని నేనూ అనను. పేటెంటు అమ్మకానికి సాక్ష్యం, పుట్టుకకు కాదు. కానీ ఏటవాలు పలక, బెజ్జం, సంచి మూడూ కలిసి కనిపించే తొలి రాత ఆధారం పార్లర్‌దే అయినప్పుడు, దాన్ని పక్కనపెట్టి పొలం కథను ముందుకు తేవడానికి కారణం చరిత్ర కాదు. బీరు సీసాలతో, ఫుట్‌బాల్ మైదానాల బయట సందడితో ముడిపడ్డ ఆటకు మధ్యతరగతి డ్రాయింగ్ రూమ్ తల్లి కావడం చాలామందికి రుచించదు.

పార్లర్‌కూ పెరడుకూ నడుమ ఒక మజిలీ 1974 సెప్టెంబరు ‘పాపులర్ మెకానిక్స్’లో కనిపిస్తుంది. ఇంట్లో తయారు చేసుకునే ‘బీన్ బ్యాగ్ బుల్స్-ఐ’ అని అందులో ఒక ఆట. పలక వెడల్పు 24 అంగుళాలు, పొడవు 36. బెజ్జం వ్యాసం 6 అంగుళాలు. సంచి బరువు 8 ఔన్సులు. పెద్దవాళ్ళకు 30 అడుగుల దూరం, పిల్లలకు 10. ఇవాళ్టి ప్రమాణం పొడవు 48 అంగుళాలు, సంచి 16 ఔన్సులు, దూరం 27 అడుగులు. వెడల్పు, బెజ్జం అవే. ఆట ఆరుబయటికి వచ్చి గట్టిపడ్డకొద్దీ సంచి బరువు రెట్టింపయింది. గాలికి తట్టుకోవాలి, పలక మీద పడి నిలవాలి, ఎదుటివాడి సంచిని నెట్టాలి.

బల్ల మీది ఆటగా నిజంగా గెలిచినది మరో దారి పట్టింది. లండన్‌లో జోసెఫ్ అషెటన్ ఫించర్ 1888లో పేటెంటు కోరిన టిడ్లీవింక్స్‌లో చేతి విసురే లేదు. చిన్న బిళ్ళ అంచును పెద్ద బిళ్ళతో నొక్కితే అది ఎగిరి గిన్నెలో పడుతుంది. బల్ల మీద మూడు నాలుగడుగుల దూరానికి మోచెయ్యీ భుజమూ అనవసరమని ఆ రూపకర్త గ్రహించాడు. కింద మెత్తని ఫెల్టు పరిచి బిళ్ళ దొర్లిపోకుండా చూశారు. 1955లో కేంబ్రిడ్జి విద్యార్థులు క్లబ్బు పెట్టి, ఎదుటివాడి బిళ్ళ మీద తమ బిళ్ళను పడేసి కట్టిపడేసే ఎత్తుగడలతో దాన్ని పెద్దల ఆట చేశారు. బిళ్ళ పడ్డచోట ఆగకపోతే ఆ ఎత్తుగడలకు చోటే లేదు. టేబుల్ టెన్నిస్‌లో సమస్య తలకిందులు, అక్కడ బంతి ఎగరాలి. 1891లో జాక్స్ సంస్థ తెచ్చిన గొసిమాలోని కార్కు బంతి సరిగా ఎగరక ఆట చతికిలబడింది. 1900 ప్రాంతంలో సెల్యులాయిడ్ బంతి వచ్చాకే ప్రాణం పోసుకుంది. మన అచ్చంగిల్లాలు ఏనాడూ గచ్చు దాటి బయటికి పోనక్కర్లేకపోయింది. ఎగరేసిన గచ్చకాయను అదే చెయ్యి అందుకుంటుంది కాబట్టి.

ఇవాళ అంగళ్ళలో దొరికే బల్ల మీది కార్న్‌హోల్ సెట్లు ఈ చరిత్రలోంచి ఏమీ నేర్చుకోలేదు. ఇది కొంచెం కటువుగా చెప్పక తప్పదు. పలకను నాలుగో వంతుకు కుదిస్తే 6 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవు, అంగుళంన్నర బెజ్జం. ముద్దుగా ఉంటుంది. సంచినీ అలాగే కుదిస్తే కథ మారుతుంది. నిడివి నాలుగో వంతయితే బరువు అరవై నాలుగో వంతవుతుంది. 454 గ్రాముల సంచి 7 గ్రాములకు దిగుతుంది. మొక్కజొన్న గింజ సుమారు 0.3 గ్రాములు. పెద్ద సంచిలో దాదాపు 1,500 గింజలుంటే చిన్నదానిలో ఇరవై చిల్లర. పదిహేను వందల గింజలు పలకను తాకగానే పరుచుకుంటాయి, ఇరవై గింజలు గుడ్డలో గులకరాళ్ళలా గడగడలాడి ఎగురుతాయి. పైగా గుడ్డ మందం, కుట్టు మందం తగ్గవు, మడత బిరుసుగా నిలబడుతుంది. అంటే చేతికి వచ్చేది సంచి పేరుతో ఒక బిళ్ళ. డి విండ్ట్ వదిలేసిన రింగు దగ్గరికే మళ్ళీ తిరిగొచ్చాం.

దూరం సంగతీ అంతే. 27 అడుగుల విసురులో సంచి సుమారు 1.3 సెకన్లు గాలిలో ఉంటుంది. ఒక్క మీటరు దూరంలో అర సెకను కూడా ఉండదు. అది ఎటు పోతోందో చూసి ఊపిరి బిగబట్టే వ్యవధి పోతుంది. వేగం మూడో వంతుకు పడిపోవడంతో భుజం పని మణికట్టుకు, మణికట్టు పని వేళ్ళకు దిగుతుంది. అయినా సెట్లతో వచ్చే కాగితం మీద అండర్‌హ్యాండ్ విసురే బొమ్మ గీసి ఉంటుంది. కొందరు తయారీదారులు సంచిలో అయస్కాంతం, పలక కింద రేకు పెట్టి ఈ చిక్కు తప్పించుకున్నారు. ఆగడమైతే ఆగుతుంది. కానీ అతుక్కున్న సంచిని ఎదుటివాడు నెట్టలేడు, వాలు వెంట మెల్లగా జారి బెజ్జంలో పడే ఉత్కంఠ ఉండదు. సగం ఆట పోయాక మిగిలింది గోడబొమ్మ.

పెద్ద ఆటలోనూ అసలు తగవు సంచి చుట్టూనే నడుస్తోంది. 2015లో మొదలైన అమెరికన్ కార్న్‌హోల్ లీగ్ పోటీలు టీవీకెక్కాయి. మొక్కజొన్న స్థానంలో ప్లాస్టిక్ గుళికలు వచ్చాయి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు గరుకుగా ఉండే సంచులు వచ్చాయి. 2022 ప్రపంచ పోటీల్లో సంచులు కొలతకు తక్కువగా ఉన్నాయని అభ్యంతరం వచ్చింది, తీరా కొలిస్తే రెండు పక్షాల సంచులూ తేడాగానే తేలాయి. పలక కొలతల మీద ఇంత గొడవ ఏనాడూ కాలేదు. గుళికల సంచి వానకు తడవదు, పురుగు పట్టదు, ఒప్పుకుంటాను. కానీ నున్నటి వైపుతో పలక పొడుగునా జార్చి వేసే అలవాటు పెరిగి, ఎత్తుగా వేసి నేరుగా బెజ్జంలో దించే విసురు అరుదవుతుంటే ఆ మార్పును అభివృద్ధి అనడానికి నాకు నోరు రావడం లేదు.

బల్ల మీదికి ఈ ఆటను తేవడం అసాధ్యమని నేననుకోను. మొదలుపెట్టాల్సింది పలక కొలత దగ్గర కాదు, సంచి దగ్గర. పలక వాలు పెద్దదానిలో ఉన్నట్టే సుమారు పది డిగ్రీలుంటే చాలు, వాలుకు కుదింపు అక్కర్లేదు. మొక్కజొన్నకు బదులు రాగులు పోస్తే 7 గ్రాముల సంచిలోనూ రెండు వేలకు పైగా గింజలు పడతాయి. అవి పెద్ద సంచిలోని గింజల్లాగే కదిలి పరుచుకుంటాయి. పెద్ద సంచులకు వాడే మందపాటి డక్కు గుడ్డ వద్దు, ఉతికి మెత్తబడిన పాత నూలు పంచె గుడ్డ తీసుకుని, అంచులు లోపలికి పోయేలా సన్నగా రెండుసార్లు కుట్టాలి. నిండుగా కూరకుండా మూడొంతులే నింపాలి. అయినా రాగుల పొడి నెమ్మదిగా కుట్లలోంచి రాలి పలకను నున్నగా చేస్తుంది, సంచి మొదటి వారంలో ఆగినచోట రెండో నెలలో ఆగదు. అందుకని ప్రతి ఆటకు ముందు పలకను తుడవాలి, సంచిని ఏటా విప్పి గింజ మార్చాలి. అమ్మకానికి చేసేవాళ్ళు ఈ శ్రమకు ఒప్పుకోరు. ఇంట్లో కుట్టుకునేవాళ్ళకు మాత్రం ఒక మధ్యాహ్నం పని.